డయలప్ లాగులో కనిపించిన పేటెంటు

లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో మూలభాగమైన కెర్నెల్‌ను సొంతంగా కంపైల్ చేసుకునేవారికి నెట్‌వర్క్ విభాగంలో పీపీపీకి, అంటే ఫోను లైను మీద రెండు కంప్యూటర్లను కలిపే పద్ధతికి, సంబంధించిన కొన్ని ఆప్షన్లు కనిపిస్తాయి. వాటిలో పంపే డేటాను కుదించే బీఎస్‌డీ కంప్రెస్ అనే దానికి రాసిన సహాయ పాఠంలో, దీనికన్నా డిఫ్లేట్ పద్ధతి మేలని, అది ఎక్కువగా కుదిస్తుందని, పైగా దానికి పేటెంట్ల బెడద లేదని ఉంటుంది. శ్రీకాకుళంలో ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు ఈ మధ్య ఆ వాక్యం చూసి, "మావయ్యా, ఫోను తీగ మీద వెళ్ళే డేటాకు పేటెంటుతో పనేమిటి?" అని అడిగాడు. రెండు ముక్కల్లో చెప్పి ఊరుకోదగిన విషయం కాదది. ఆ ఒక్క మాట వెనుక ఇరవై ఏళ్ళకు పైగా సాగిన వ్యవహారం ఉంది. మన ఊళ్ళలో డయలప్ మీద, అంటే ఫోను లైనుతో ఇంటర్నెట్ కలుపుకొని, పని చేసినవాళ్ళమంతా, దాని పేరైనా వినకుండానే, దాని ఫలితాన్ని అనుభవించాం. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో నేను పాలకొండ రోడ్డు వైపున్న ఒక ఇంటర్నెట్ కేంద్రంలో సిస్టమ్స్ చూసుకునేవాణ్ణి. ఉన్నది ఒకే ఫోను లైను, ఒకే ఎక్స్‌టర్నల్ మోడెం. పీసీ క్వెస్ట్ పత్రికతో వచ్చిన సీడీ నుంచి లైనక్స్ ఎక్కించిన ఒక పాత కంప్యూటరు ఆ లైనును తన చేతిలో పెట్టుకొని, మిగిలిన విండోస్ కంప్యూటర్లకు పంచేది. మోడెం పెట్టె మీద 56 కె అని ఎంత పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా మా తీగ మీద ఆ వేగం ఎన్నడూ కుదరలేదు, వాన పడితే ఇంకా తగ్గేది. ఇంటర్మీడియట్ ఫలితాల రోజున చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన తల్లిదండ్రులు హాల్‌టికెట్ నంబరు రాసిన చీటీ పట్టుకొని వరండాలో నిలబడేవారు. "ఏటి బాబూ, ఇంకా రానేదేటి?" అని వాళ్ళు అడుగుతుంటే తెర మీద పేజీ సగం తెరుచుకొని ఆగిపోయి ఉండేది. లోపల ఫోను పల్సులు మాత్రం ఆగకుండా పడుతూనే ఉండేవి, వాటి ఖర్చు చివరకు గంటకింత అని డబ్బు కట్టేవారి మీదే పడేది.

నిజానికి ఫలితాల పేజీ కుదింపుకు చక్కగా లొంగే సరుకు. పట్టికలో గడి గడికీ వేసే ట్యాగులు అవే, సబ్జెక్టుల పేర్లు అవే, ఉత్తీర్ణత తెలిపే మాటలు అవే, మారేది అంకెలొక్కటే. ఇప్పటి తెలుగు పేజీలైతే ఇంకా బాగా లొంగుతాయి. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షర సంకేతానికి మూడు బైట్లు పడతాయి, వాటిలో మొదటి బైటు ఎప్పుడూ ఒక్కటే, రెండో బైటుకు రెండే రకాలు. అంటే ఈ వ్యాసంలోని డేటాలో పెద్ద భాగం ముందే ఊహించదగినది, మళ్ళీ మళ్ళీ పంపనక్కరలేనిది. దీనికి భిన్నంగా జేపీజీ ఫొటోలు, జిప్ ఫైళ్ళు ముందే కుదించినవి కాబట్టి వాటి మీద మరో కుదింపు పని చేయదు. ఆ రోజుల్లో మా దగ్గర నడిచినవాటిలో అక్షరాల పేజీలు, మెయిళ్ళే ఎక్కువ కాబట్టి లైను మీద మంచి కుదింపు ఉంటే దాని లాభం కంటికి కనిపించేంతగా ఉండేది.

కుదింపు బొత్తిగా లేదని చెప్పలేను. మోడెముల్లోనే వి.42 బిస్ అనే ప్రమాణం ఉండేది. 1990లో వచ్చిన ఆ ప్రమాణం మోడెం చిప్పులో కొద్దిపాటి మెమరీతోనే పని జరిపేది. కంప్యూటరులో నడిచే పీపీపీ సాఫ్ట్‌వేరుకు ఆ ఇరుకు లేదు, మళ్ళీ మళ్ళీ వచ్చే వరుసలను గుర్తుంచుకునే పెద్ద నిఘంటువు పెట్టుకోవచ్చు, డేటా సీరియల్ పోర్టు దాటక ముందే కుదించవచ్చు. అందుకని పీపీపీలో దీనికోసం వేరే ఒక సంప్రదింపు పద్ధతినే పెట్టారు. దాని పేరు కంప్రెషన్ కంట్రోల్ ప్రోటోకాల్, పొట్టిగా సీసీపీ. లైను కలవగానే ఇరువైపుల యంత్రాలు 'నాకు ఫలానా పద్ధతులు తెలుసు, నీకేది తెలుసు?' అని ఒకరినొకరు అడుగుతాయి. ఉమ్మడిగా ఒకటి దొరికితే దానితో మొదలుపెడతాయి, దొరకకపోతే కుదింపు లేకుండానే సాగుతాయి. ఒక్కో పద్ధతికి ఒక్కో సంఖ్య ఉంది. స్టాక్ ఎల్‌జెడ్‌ఎస్‌కు 17, మైక్రోసాఫ్ట్ వారి ఎంపీపీసీకి 18, బీఎస్‌డీ కంప్రెస్‌కు 21, డిఫ్లేట్‌కు 26.

లైనక్స్‌లో పీపీపీని నడిపే పీపీపీడీ అనే ప్రోగ్రాములో డీబగ్ ఆప్షన్ పెట్టి, అది రాసుకునే లాగు (పద్దు ఫైలు) చదివితే ఆ సంభాషణంతా వరుసగా కనిపించేది. మా యంత్రం పంపిన అభ్యర్థనలో మూడు పేర్లుండేవి: డిఫ్లేట్ 15, పాత సంఖ్యతో డిఫ్లేట్ 15, బీఎస్‌డీ వి1 15. డిఫ్లేట్ పక్కనున్న ఆ 15కు అర్థం, వెనక్కి తిరిగి చూసుకునే కిటికీ 2కు 15వ ఘాతం, అంటే 32,768 బైట్లు అని. అవతలి నుంచి వచ్చిన అభ్యర్థనలో పేరు కూడా ఉండేది కాదు, మా పీపీపీడీ గుర్తించలేక అంకెలుగానే అచ్చు వేసేది: 12 06 00 00 00 01. పదహారు ఆధారంగా రాసిన 12 అంటే మన లెక్కలో 18. అంటే అవతలి సర్వరు ఎంపీపీసీని అడుగుతోంది. 06 దాని పొడవు. చివరనున్న 01 కుదింపు కావాలని చెప్పే బిట్టు. మా యంత్రం దాన్ని తిరస్కరించేది, వాళ్ళు మా మూడింటినీ తిరస్కరించేవారు. రెండు చివరలా కుదింపు తెలిసిన యంత్రాలే ఉన్నా, రెండింటికీ అది చేయాలనే ఉన్నా, పీపీపీ వైపు నుంచి డేటా కుదించకుండానే వెళ్ళేది. సర్వీసు ప్రొవైడరును తప్పు పట్టడానికి లేదు, వాళ్ళ ఖాతాదారుల్లో అధికులు విండోస్ వాడేవారే. మరి లైనక్స్ వారు ఎంపీపీసీని ఎందుకు పెట్టుకోలేదు? పీపీపీడీతో వచ్చే రీడ్‌మీ ఫైలులోనే జవాబుంది. ప్రిడిక్టర్, ఎల్‌జెడ్‌ఎస్, ఎంపీపీసీలు పేటెంట్ల చిక్కులో ఉన్నాయని, పైగా అవి కొన్ని ప్యాకెట్లను కుదించబోయి కాస్త పెద్దవి చేస్తాయని, ఈ రెండు కారణాల చేత వాటిని చేర్చలేదని అందులో రాశారు.

ఆ చిక్కు ఎలా మొదలైందో చెప్పాలంటే 1977, 1978 సంవత్సరాలకు వెళ్ళాలి. ఇజ్రాయెల్‌కు చెందిన జేకబ్ జివ్, ఏబ్రహం లెంపెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ రెండేళ్ళలో రెండు పత్రాలు ప్రచురించారు. మనం ఈ రోజు వాడే కుదింపు పద్ధతుల్లో చాలా వాటికి మూలాలు అవే. రెండో పత్రంలోని ఆలోచనను టెర్రీ వెల్చ్ మెరుగుపరిచి 1984లో ప్రచురించాడు, అదే ఎల్‌జెడ్‌డబ్ల్యు. ఇందులోని అందం ఏమిటంటే నిఘంటువును విడిగా పంపనక్కరలేదు. పంపేవాడు డేటాను చదువుతూ కొత్తగా కనిపించిన ప్రతి వరుసకూ ఒక సంఖ్య ఇచ్చుకుంటూ పోతాడు. అందుకునేవాడు అదే నియమంతో, వచ్చిన సంఖ్యల నుంచే, అదే నిఘంటువును తన దగ్గర కట్టుకుంటాడు. షావుకారూ ఖాతాదారూ ఎవరి పద్దు పుస్తకం వాళ్ళే రాసుకున్నా లెక్క ఒక్కటే వచ్చినట్టు ఉంటుంది. అయితే మధ్యలో ఒక్క పద్దు పోతే ఆ తర్వాతి లెక్కంతా తప్పుతుంది. ఫోను తీగ మీద ప్యాకెట్లు పాడవడం మామూలే కాబట్టి, అలా జరిగినప్పుడు ఇద్దరూ నిఘంటువులు చెరిపేసుకొని మళ్ళీ మొదలుపెట్టే ఏర్పాటు సీసీపీలో ఉంది.

వెల్చ్ స్పెరీ సంస్థలో పని చేస్తున్న రోజుల్లోనే, 1983 జూన్ 20న, ఈ పద్ధతికి అమెరికాలో పేటెంటు కోసం దరఖాస్తు పడింది. 1985 డిసెంబరు 10న 4,558,302 సంఖ్యతో అది మంజూరైంది. 1986లో స్పెరీ, బరోస్ కలిసి యూనిసిస్ కావడంతో పేటెంటు యూనిసిస్ చేతికి వచ్చింది. అంతకన్నా విచిత్రం మరొకటుంది. అదే 1983లో, స్పెరీ కన్నా మూడు వారాల ముందు, ఐబీఎంకు చెందిన మిల్లర్, వెగ్మన్ అనే ఇద్దరు దాదాపు ఇదే పద్ధతికి దరఖాస్తు చేశారు. వారికి 1989లో 4,814,746 సంఖ్యతో పేటెంటు వచ్చింది. ఒకే ఆలోచన మీద ఇద్దరికి హక్కు ఇచ్చిన వ్యవస్థ, ఆ ఆలోచనను వాడుకోదలచిన మూడో మనిషిని ఎవరి దగ్గరకు వెళ్ళమంటుంది? మోడెముల్లోని వి.42 బిస్ ప్రమాణం మీద ఈ రెండు సంస్థలతో పాటు బ్రిటిష్ టెలికాంకు కూడా పేటెంట్లుండేవి. మోడెం తయారీదారుకు అది వ్యాపార ఖర్చు, లైసెన్సు రుసుము కట్టి మోడెం ధరలో కలుపుకుంటాడు. ఉచితంగా రాసి పంచే సాఫ్ట్‌వేరుకు ఆ దారి లేదు. ఎన్ని ప్రతులు ఎవరి చేతికి వెళుతున్నాయో రాసినవాడికే తెలియనప్పుడు ప్రతికింత అని ఎవరు కడతారు?

యూనిక్స్‌లోని కంప్రెస్ కమాండు ఎల్‌జెడ్‌డబ్ల్యు మీదే నడిచేది. దాన్ని పీపీపీ ప్యాకెట్లకు సరిపడేలా మార్చినదే బీఎస్‌డీ కంప్రెస్. ఆస్ట్రేలియాకు చెందిన పాల్ మకెరాస్ నడిపిన పీపీపీడీలో అది ముందు నుంచీ ఉంది. కానీ రీడ్‌మీలో ఆ రెండు పేటెంట్ల సంఖ్యలను, వాటి యజమానుల పేర్లను స్పష్టంగా రాసి, ఇతర దేశాల్లోనూ వీటికి సమానమైన పేటెంట్లున్నాయని, ఆస్ట్రేలియాలో మాత్రం లేవని, ఇబ్బంది అనుకునేవారు ఆ భాగం లేకుండా కంపైల్ చేసుకోవచ్చని కూడా చెప్పారు. నాకు ఆ పద్ధతి మీద గౌరవం కలిగింది. వాడేవాడికి తెలియజెప్పి, ఎంచుకునే వీలు కూడా అతనికే ఇచ్చారు.

ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ అనే సంఘంలో ఈ వ్యవహారం ఇంకో రూపంలో ఎదురైంది. సీసీపీ ముసాయిదా సిద్ధమయ్యాక, అందులోని పని తీరుకు తన పేటెంట్లు వర్తించవచ్చని మోటరోలా తెలియజేసింది. అప్పటి ఐఈటీఎఫ్ నియమాల ప్రకారం పేటెంటుదారు నుంచి లైసెన్సు విషయంలో సరైన హామీ లేనిదే ముసాయిదా ముందుకు కదలకూడదు. నియమాలు కోరిన రూపంలో ఆ హామీ కుదరక, చివరకు 1996 ఫిబ్రవరిలో ఆ సంఘం సంఖ్యల వరుసలో వెలువరించే ఆర్‌ఎఫ్‌సీ పత్రాల్లో 1915వదిగా ఒక ప్రత్యేక మినహాయింపు పత్రాన్నే ప్రచురించి, సీసీపీని, దానితో పాటు గుప్తీకరణకు సంబంధించిన తోటి ప్రోటోకాల్‌ను ముందుకు పంపారు. సీసీపీ ఆ జూన్‌లో ఆర్‌ఎఫ్‌సీ 1962గా బయటకు వచ్చింది. గమనించండి, ఇక్కడ చిక్కు ఏదో ఒక కుదింపు పద్ధతి మీద వచ్చినది కాదు. ఏ పద్ధతి వాడుకుందామని ఇరువైపులా మాట్లాడుకునే ఏర్పాటు మీదే వచ్చింది.

ఇక ఎంపీపీసీ కథ కోర్టు గుమ్మం దగ్గర మొదలవుతుంది. హార్డ్ డిస్కులోని డేటాను కుదించే స్టాకర్ అనే సాఫ్ట్‌వేరును స్టాక్ ఎలక్ట్రానిక్స్ అమ్మేది. 1993లో మైక్రోసాఫ్ట్ తన ఎంఎస్-డాస్ 6.0లో డబుల్‌స్పేస్ పేరుతో అలాంటి సౌకర్యాన్నే ఇవ్వడం, తమ పేటెంట్లను అతిక్రమించారని స్టాక్ దావా వేయడం జరిగాయి. 1994 ఫిబ్రవరిలో జ్యూరీ స్టాక్‌కు 12 కోట్ల డాలర్ల పరిహారం ఇమ్మని తీర్పు చెప్పింది. వ్యాపార రహస్యాల విషయంలో స్టాక్ కూడా 1 కోటి 36 లక్షల డాలర్లు చెల్లించాలని అదే జ్యూరీ చెప్పింది. డబుల్‌స్పేస్‌ను తీసేసి డాస్ 6.21 విడుదల చేశారు, ఆ జూన్‌లో రెండు సంస్థలూ రాజీ పడ్డాయి. 1997 మార్చిలో మైక్రోసాఫ్ట్‌కు చెందిన గుర్దీప్ సింగ్ పాల్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 2118 ఎంపీపీసీని వివరించింది. అందులో, ఎంపీపీసీని పీపీపీ అమలు చేసే ఉత్పత్తుల్లో మాత్రమే, తోటి ఎంపీపీసీ, పీపీపీ యంత్రాలతో కలిసి పని చేయడం కోసం మాత్రమే వాడాలని, లైసెన్సులు స్టాక్ దగ్గర దొరుకుతాయని రాసి ఉంది. విండోస్ డయలప్ నెట్‌వర్కింగ్ కిటికీలో 'సాఫ్ట్‌వేర్ కంప్రెషన్' అని ఒక చిన్న గడి, దానిలో టిక్కు గుర్తు ఉండేవి చాలా మందికి గుర్తుండే ఉంటాయి. ఆ గడి వెనుక ఇంత కథ ఉంది. విండోస్ కొన్నవాడి తరఫున ఆ లెక్క ఎప్పుడో తీరింది, పత్రికతో వచ్చిన సీడీలో లైనక్స్ తెచ్చుకున్నవాడి తరఫున తీర్చేవాళ్ళు లేరు. మా లాగులోని 12 06 00 00 00 01 అనే వరుస చెప్పింది అదే.

ఈ మొత్తం వ్యవహారంలో నాకు నిజంగా ధైర్యం ఇచ్చేది డిఫ్లేట్. పేటెంట్ల భయం లేని కుదింపు కావాలని కొందరు కూర్చొని పట్టుదలగా తయారు చేసిన దారి అది. కంప్రెస్ కమాండుకు బదులుగా జాన్-లూ గాయీ, మార్క్ ఆడ్లర్ 1992లో జీజిప్‌ను విడుదల చేశారు. ఫిల్ కాట్జ్ జిప్ ఫైళ్ళు చేసే పీకేజిప్ ప్రోగ్రాము కోసం రూపొందించిన డిఫ్లేట్ ఆకృతిని అందులో వాడుకున్నారు. అది జివ్, లెంపెల్‌ల మొదటి పత్రం, అంటే 1977 నాటి ఆలోచన మీద నడుస్తుంది. వెనక్కి ఇంత దూరంలో ఇంత పొడవున్న వరుస మళ్ళీ వచ్చిందని రెండు అంకెలతో చెప్పి, ఆ అంకెలను 1952 నాటి హఫ్‌మన్ సంకేతాలతో ఇంకా పొట్టిగా చేస్తుంది. ఇక్కడా జాగ్రత్త తప్పలేదు. కాట్జ్ స్వయంగా కొన్ని అమలు పద్ధతుల మీద పేటెంటు తీసుకున్నాడు. అయితే ఆ పద్ధతులను వాడకుండానే డిఫ్లేట్‌ను రాయవచ్చు. 1996 మేలో పీటర్ డోయిష్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 1951 ఆకృతిని అలా రాసుకునేందుకు వీలుగానే వివరించింది, డిఫ్లేట్‌ను అమలు చేసే జడ్‌లిబ్ అనే లైబ్రరీ కూడా ఆ దారినే వెళ్ళింది. అదే ఏడాది ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 1979 దాన్ని పీపీపీలోకి తెచ్చింది. పైగా ఎల్‌జెడ్‌డబ్ల్యు కన్నా ఇది ఎక్కువగానే కుదిస్తుంది. అడ్డంకి ఎదురైనవారు వెతుక్కున్న పక్కదారి అసలు దారి కన్నా మెరుగైంది కాబట్టి పేటెంట్ల వల్ల మేలే జరిగిందనే వాదన నేను విన్నాను. దాన్ని ఒప్పుకోను. అంతటి సమర్థులు ఏళ్ళ తరబడి చేసిన శ్రమలో ఎంత భాగం కొత్తది కనిపెట్టడానికి పోయింది, ఎంత భాగం ఎవరి పేటెంటు గీత ఎక్కడుందో చూసుకుంటూ నడవడానికి పోయింది అని అడగాలి. పైగా మంచి పద్ధతి సిద్ధమయ్యాక కూడా అవతలి చివర దాన్ని పెట్టుకోకపోతే మా లైనుకు ఒరిగిందేమీ లేదు.

అమెరికా పేటెంటుకు శ్రీకాకుళంలో విలువేమిటని ఎవరైనా అడగవచ్చు. చట్టం ప్రకారం ఏమీ లేదు, పేటెంటు హక్కు మంజూరు చేసిన దేశం దాటి చెల్లదు. ఎల్‌జెడ్‌డబ్ల్యు మీద తనకు హక్కులున్నాయని యూనిసిస్ చెప్పుకున్న దేశాలు అమెరికా, కెనడా, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, జపాన్. అందులో మన దేశం లేదు. మన పేటెంట్ల చట్టానికి 2002లో చేసిన సవరణ 2003 మే 20 నుంచి అమలులోకి వచ్చి, గణిత పద్ధతులు, అల్గారిదమ్‌లు, కంప్యూటర్ ప్రోగ్రాము తనకు తానుగా పేటెంటుకు అర్హం కావని సెక్షన్ 3(కె)లో స్పష్టంగా చెప్పింది. 2004 చివర ఒక ఆర్డినెన్సు ద్వారా దాన్ని సడలించబోయారు గానీ, 2005లో పార్లమెంటు ఆమోదించిన సవరణలో ఆ మాట నిలవలేదు, పాత 3(కె) అలాగే ఉండిపోయింది. అది సరైన నిర్ణయమని నేను గట్టిగా నమ్ముతాను.

అయినా ఆ చట్టం మమ్మల్ని కాపాడలేకపోయింది. పేటెంటుకు హద్దులున్నాయి గానీ, దానికి జడిసి రాసిన సాఫ్ట్‌వేరుకు హద్దులు లేవు. ఏ దేశంలోనో ఒక డెవలపరు, చట్టపరమైన చిక్కు ఎందుకని ఒక భాగాన్ని పక్కన పెడితే, ఆ భాగం లేని సీడీయే పాలకొండ రోడ్డుకూ వస్తుంది. సర్వీసు ప్రొవైడరు తెచ్చుకునే యాక్సెస్ సర్వరులో ఏ పద్ధతికి లైసెన్సు కొన్నారో అదే ఉంటుంది. హక్కు మన దేశంలో లేదు కదా అని తృప్తి పడేవారు ఈ సంగతిని లెక్కలోకి తీసుకోవడం లేదు.

యూనిసిస్ పేటెంటు గడువు అమెరికాలో 2003 జూన్ 20న, మిగిలిన దేశాల్లో 2004లో ముగిసింది. ఐబీఎం వారిది 2006 ఆగస్టు వరకు సాగింది. ఈలోగా 2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ సేవలు మొదలుపెట్టింది, మా ఊళ్ళలోనూ డయలప్ మోడెములు ఒక్కొక్కటే అటకెక్కాయి. తీగ నెమ్మదిగా ఉన్నన్నాళ్ళూ పద్ధతులకు అడ్డు ఉంది, అడ్డు తొలగేనాటికి ఆ అవసరమే తీరిపోయింది. పేటెంటుకు దొరికే ఇరవై ఏళ్ళు ఔషధానికో యంత్రానికో ఎలా ఉన్నా, సాఫ్ట్‌వేరుకు అది ఒక తరం సాంకేతికత మొత్తం గడిచిపోయేంత కాలం.

ఇప్పుడు వీడియోను కుదించే పద్ధతులైన కోడెక్‌ల విషయంలో సరిగ్గా ఇదే నడుస్తోంది. హెచ్‌ఈవీసీ అనే కోడెక్ లైసెన్సుల చిక్కును చూసి పెద్ద సంస్థలు కొన్ని కలిసి, రుసుము లేని ఏవీ1ను తయారు చేసుకున్నాయి. అందుకే మన జిల్లాల కాలేజీల్లో ప్రాజెక్టులు చేస్తున్న పిల్లలను నేను కోరేది ఇది: ఏ ప్రమాణాన్నయినా ఎంచుకునే ముందు అది ఎంత బాగా కుదిస్తుందో చూసే శ్రద్ధతోనే, దాని పత్రంలో మేధోసంపత్తి హక్కుల గురించి రాసిన పేరాను కూడా చదవండి. ఆర్‌ఎఫ్‌సీ 2118లో ఆ మాటలు రెండు మూడు వాక్యాలకు మించవు. డయలప్ నడిచినన్నాళ్ళూ మా యంత్రానికీ అవతలి సర్వరుకూ పొత్తు కుదరకుండా చేయడానికి అవి సరిపోయాయి.